యాభై పెన్నీల పెట్టె

శనివారం. స్వాన్‌సీలో వాన.
ఇది వార్త కాదు.
ఆసుపత్రి విరాళాల కోసం నడిపే పాతసామాన్ల కొట్లో
వేలాడే కోట్ల వెనక, చివరి బల్ల నాది.
ఎవరో పోయాకో, ఎవరో ఇల్లు మారాకో
అట్టపెట్టెల్లో వచ్చే రికార్డులకి
ధర చీటీ అంటించడం నా పని.
జీతం లేదు. అందుకే మొహమాటమూ లేదు.

టిన్ బిషప్స్ వాళ్ళ మొదటి ఆల్బమ్, నాలుగు పౌండ్లు.
గిటారు శృతిలో లేదు, పాడేవాడికి జలుబు,
అయినా తలుపు తన్ని లోపలికొచ్చినట్టు మొదలవుతుంది.
రెండోదానికి డబ్బొచ్చింది, వయొలిన్లొచ్చాయి,
ముప్ఫై మంది చుట్టూ చేరి
ఒక చిన్న పాటకి ఊపిరాడనివ్వలేదు.
ఒక పౌండు.
అదీ అట్ట మీది గుర్రం బాగుందని.

శాటర్న్ లాండ్రీ. ఒక వైపంతా ఒకటే పాట,
ఇరవై రెండు నిమిషాలు.
మధ్యలో లేచి టీ పెట్టుకుని
దుప్పట్లు మడతపెట్టి తిరిగొచ్చేసరికి
కీబోర్డువాడు ఇంకా అదే మెట్టు మీద
కూర్చుని ఆలోచిస్తున్నాడు.
దీన్ని మహాకావ్యం అనేవాళ్ళున్నారు.
వాళ్ళ దుప్పట్లు ఇంకెవరో మడతపెడతారు.

కోరా వెయిన్‌ది ఉత్త పాప్ అని
పెదవి విరిచేవాళ్ళని నేను నమ్మను.
మూడు నిమిషాల్లో ఒక మనిషిని వదిలేసి,
బస్సెక్కి, కిటికీ అద్దంలో మొహం చూసుకుని,
పర్లేదులే అనుకోవడం
ఎంతమంది గడ్డాలవాళ్ళకి చేతనయింది?
పాతికేళ్ళు మంబుల్స్ బస్సు నడిపాను.
ఆ పాటలో అమ్మాయి
రోజూ నా చివరి బస్సే ఎక్కేది,
చేతిలో చిల్లర లేకుండా.
ఆరు పౌండ్లు. బేరం లేదు.

డబుల్ లైవ్ ఆల్బమ్‌లన్నీ
యాభై పెన్నీల పెట్టెలోకి.
ఆ చప్పట్లు నాకెందుకు? నేనక్కడ లేనుగా.

ఆ పెట్టెలోంచే పోయిన నెల
యెస్టిన్ అనే కుర్రాడు,
బూట్లలో నీళ్ళు, మెడ చుట్టూ వైర్లు,
పేల్ ఇంజిన్ ఆల్బమ్ పైకి తీశాడు.
వద్దన్నాను.
పందొమ్మిదో ఏట నా మొదటి జీతంలో కొన్నాను బాబూ,
డ్రమ్మర్ మేకులు కొడుతుంటాడు,
పాట రాసినవాడు ప్రాస కోసం
కన్నతల్లినైనా అమ్మేస్తాడు.
యాభై పెన్నీలూ దండగ, వెళ్ళి చిప్స్ తిను.

వాడు నాణేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

మళ్ళీ శనివారం వచ్చాడు.
డబ్బు వాపసు అడుగుతాడనుకున్నా.
"మిస్ ప్రోసర్, రెండో వైపు
ఆఖరి పాట అయిపోయాక ఎవరో నవ్వుతారు,
విన్నారా?"

నీళ్ళు నమిలాను.
రెండో వైపు నేనెప్పుడూ తిప్పలేదు.
నలభై మూడేళ్ళుగా
సగం విని పూర్తిగా తిడుతున్నాను.

వాడు నవ్వలేదు. సంచిలోంచి తీసి
"సోమవారానికి ఇచ్చేయండి" అన్నాడు,
లైబ్రరీ వాళ్ళు అన్నట్టు.

ఆ రాత్రి తిప్పాను.
అదే డ్రమ్మర్, అవే మేకులు.
ప్రాస కోసం ఈసారి చెల్లెల్ని అమ్మాడు.
ఆఖరి పాట సన్నబడి సన్నబడి పోయింది.
గీతల చప్పుడు.
కుర్చీ ఏదో కిర్రుమంది.
అప్పుడు ఒకామె,
టీ తెచ్చినామో, ఎవరి భార్యో,
అట్ట మీద పేరు లేనామె
ముక్కుతో ఫక్కున నవ్వింది.
ఎవరో "ఆపెయ్" అన్నారు.
అంతే.

ముల్లుని తొమ్మిదిసార్లు వెనక్కి పెట్టాను.
కింది ఇంటి గ్రిఫిత్ చీపురుకర్రతో కప్పుని పొడిచేదాకా.

సోమవారం వాడికి ఉన్నమాటే చెప్పాను.
ఇప్పటికీ చెత్త ఆల్బమే.
రెండు వైపులా విని చెబుతున్నా.
ఆ నవ్వుకి మాత్రం ఏడు పౌండ్లిస్తా,
నాకిచ్చేయ్.

వాడు బేరానికి రాలేదు.